దేహపరిశ్రమ – చేతినేర్పు

మెట్‌పల్లి పేరు చెప్పగానే ఖాదీ జ్ఞప్తికి వచ్చును. రాట్నము ముందు క్రొత్తగా కూర్చున్నవారిని గమనింపుడు. కుడిచేయి చక్రమును త్రిప్పుచుండగా ఎడమచేయి ఏకును మెల్లగా వెనుకకు లాగవలెను. మొదటి దినమున రెండు చేతులకు పొత్తు కుదరదు. నూలు మాటిమాటికి తెగును. కొన్ని వారములు గడచిన పిమ్మట అవే చేతులు, మనిషి ప్రక్కవారితో మాటలాడుచున్నను, సన్నని పోగును తీయును. ఈ మార్పు వ్రేళ్ళయందుకంటె మెదడునందే యెక్కువగా జరిగినది.

తల వెనుకభాగమున, పెద్దమెదడు క్రింద, చిన్నమెదడు కలదు. తలచిన కదలికకును జరిగిన కదలికకును గల తేడాను ఇది కనిపెట్టి మరుసటి తడవకు సరిదిద్దును. చేసినకొలది నాడీకణముల నడుమ సంబంధములు గట్టిపడును. ఇది పాఠమును వల్లించుటవంటిది కాదు. 1953లో హెన్రీ మొలైసన్ అను అమెరికా యువకునకు మూర్ఛరోగ నివారణకై మెదడులో కొంతభాగమును తొలగించిరి. అటుపిమ్మట అతనికి క్రొత్త సంగతులు జ్ఞాపకముండెడివి కావు. అయినను అద్దములో చూచుచు నక్షత్రపు గీతలవెంట పెన్సిలు నడపుటను అతడు దినదినమునకు చక్కగా నేర్చెను. మునుపు ఆ పని చేసినట్లు మాత్రము ఎరుగడు! బ్రెండా మిల్నర్ అను శాస్త్రజ్ఞురాలు ఈ సంగతిని 1962లో ప్రకటించిరి.

ఇక వ్యాయామము మాట. పరుగెత్తినను, సైకిలు త్రొక్కినను గుండె వేగముగా కొట్టుకొనును. నాడీకణముల పెరుగుదలకు తోడ్పడు పదార్థములు రక్తములో హెచ్చును. 2012లో డెన్మార్కు పరిశోధకులు కొందరు యువకులకు ఒక చేతిపనిని నేర్పి, వారిలో కొందరిచే అభ్యాసమునకు ముందును, కొందరిచే తరువాతను కొద్దినిమిషములు గట్టిగా సైకిలు త్రొక్కించిరి. నేర్చుకొను వేగములో తేడా లేకపోయెను. వారము దినముల పిమ్మట పరీక్షింపగా, ఊరకున్నవారికంటె త్రొక్కినవారికి పని బాగుగా నిలిచియుండెను. అందును అభ్యాసము తరువాత త్రొక్కినవారిదే పైచేయి.

ఈ ఫలితము కొద్దిమందిపై చూచినది; వ్యాయామము అభ్యాసమునకు మారు కాజాలదు. చేతులు వణకునంతగా అలసి వెంటనే నూలు తీయబూనుట కూడదు. గుండెజబ్బు గలవారు వైద్యుని అడుగక పరుగులకు దిగరాదు.

మన ప్రాంతమున బీడీలు చుట్టు స్త్రీలు దినమంతయు కూర్చుండియే పనిచేయుదురు. వ్రేళ్ళకు తీరిక లేదు, కాళ్ళకు పని లేదు! వారికి సాయంకాలపు నడక ఎంతో అవసరము. పరీక్షలు వచ్చినవని బడిలో ఆటల గంటను ఎత్తివేయు పద్ధతి మాకు సమ్మతము కాదు. క్రొత్తగా పని నేర్చు పిల్లలను, పాఠము ముగిసిన పిమ్మట, కబడ్డీకో తాడాటకో పంపుడు. ఆ రాత్రి వారిని పెందలకడ నిద్రింపనిండు. పగలు నేర్చినది మెదడునందు కుదురుకొనుట నిద్రలోను సాగుచుండును.