దూర వైద్యం: సభ్యులు తెలుసుకోవలసిన సంగతులు

పశువుకు జబ్బు చేస్తే 1962కు ఫోన్ చేయాలని పాడి రైతుకు తెలుసు. తెలంగాణలో 2017లో సంచార పశువైద్య వాహనాలు వచ్చినప్పటి నుండి ఈ సదుపాయం ఉన్నది. అదే పశువును సాకే ఇల్లాలికి రక్తపోటు ఉంటే మాత్రం, "నేను పోతే పాలు పిండేదెవరు?" అని దవాఖానకు వెళ్ళడం వాయిదా పడుతుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల సంఘాలలో ఈ మాట మేము తరచు వింటున్నాము. మాత్రలు అయిపోయినా, బాగానే ఉన్నదని ఊరుకుంటే పక్షవాతం రావచ్చును. దూర వైద్యం ముఖ్యంగా ఇటువంటి వారికి అక్కరకు వస్తుంది.

ఇది నిన్న మొన్నటిది కాదు. చిత్తూరు జిల్లా అరగొండలో 2000లోనే అపోలో ఆసుపత్రి వారు ఉపగ్రహం ద్వారా నగర వైద్యులను పల్లె రోగులకు చూపించారు. కేంద్ర ప్రభుత్వం 2019లో ఈ-సంజీవని ప్రారంభించింది. కరోనా కాలంలో, 2020లో, ఇంటి నుండే వైద్యునితో మాట్లాడే వీలు కల్పించింది. రుసుము లేదు.

అయితే ఇంటి నుండి ఒంటరిగా మాట్లాడే కంటే, పల్లె దవాఖానకు గాని ఉపకేంద్రానికి గాని వెళ్ళి సిబ్బంది సమక్షంలో మాట్లాడడమే మేలని మా అభిప్రాయం. వెన్న శాతం చూడకుండా పాలకు ధర కట్టగలమా? అట్లే రక్తపోటు, చక్కెర, బరువు తెలియనిదే దూరాన ఉన్న వైద్యుడు నిర్ణయం చేయలేడు. పాత చీటీలు, వాడిన మాత్రల అట్టలు వెంట తీసుకొని పోవాలి. "తెల్ల మాత్ర, గుండ్రంగా ఉంటుంది" అంటే ఎవరికీ అర్థం కాదు. 2020 నాటి నిబంధనల ప్రకారం చీటీపై వైద్యుని రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి; చూసుకోండి. కొన్ని మత్తు మందులను ఈ పద్ధతిలో రాయకూడదు. అడిగి వైద్యునితో వాదించవద్దు.

పాముకాటు, గుండెనొప్పి, కాన్పు నొప్పులు, హఠాత్తుగా మూతి వంకరపోవడం — వీటికి దూర వైద్యం పనికిరాదు. వెంటనే 108 పిలవాలి. తెల్లవారుజామున గడ్డికి పోయే సభ్యులు ఇది మరువరాదు. కాటు వేసిన చోట కోయడం, గట్టిగా కట్టు బిగించడం చేయకూడదు. వనపర్తి, నాగర్‌కర్నూలులో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చినవి గనుక పెద్ద ఆసుపత్రి ఇదివరకటంత దూరం కాదు.

నల్లమలలో సిగ్నల్ అందని చెంచు పెంటలకు మాత్రం ఇదంతా పేరుకే. అక్కడికి ఆరోగ్య కార్యకర్త నడిచి పోవలసిందే.

సంఘ కార్యదర్శులు పల్లె దవాఖాన పనివేళలను, ఎ.ఎన్.ఎం. ఫోన్ నంబరును పాల ధరల పట్టిక పక్కనే రాసి ఉంచాలి. ఉదయం పాలు పోసి ఇంటికి మళ్ళే సభ్యురాలు దానిని చూసి, ఆ దారినే దవాఖానకు వెళ్ళి రావచ్చును.