లైన్ బండి దిగితే లోకల్‌లో పని ఉందా?

ప్రశ్న: పదేళ్లుగా నాగ్‌పూర్ లైన్‌లో లారీ తోలుతున్నాను. అమ్మకు పక్షవాతం వచ్చింది. రోజూ ఇంటికి చేరే డ్రైవర్ పని దొరుకుతుందా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: దొరుకుతుంది. మీకు దగ్గర్లోని చర్లపల్లిలో ఆయిల్ కంపెనీల డిపోలున్నాయి. ట్యాంకర్ తోలాలంటే ప్రమాదకర సరుకుల రవాణాపై 3 రోజుల శిక్షణ పొంది, లైసెన్సులో ఎండార్స్‌మెంట్ వేయించుకోవాలి. స్కూలు బస్సుకైతే 5 ఏళ్ల హెవీ అనుభవం అడుగుతారు, మీకది ఉంది. ఉదయం, సాయంత్రమే ట్రిప్పులు కాబట్టి మధ్యాహ్నం అమ్మకు అన్నం తినిపించి, ఫిజియోథెరపీ చేయించవచ్చు. రెడీమిక్స్ బండి మీకు కుదరదు. స్లాబు పడే రోజు ఎప్పుడు వదులుతారో చెప్పలేం. లైన్ బత్తా ఇక ఉండదు గనక జీతం, ఓటీ, పీఎఫ్ ముందే తేల్చుకోండి. ఒరిజినల్ లైసెన్సు మాత్రం ఓనరు చేతిలో పెట్టకండి.