మలేషియా ఎండకు నిలిచే ఫ్లై లైన్: ఎంపిక నుంచి సంరక్షణ దాకా

తరాల కిందట మన తెలుగు కుటుంబాలు కొబ్బరి తోటల పనికి వచ్చి స్థిరపడిన బాగాన్ దాతుక్, పెరాక్ రాష్ట్రపు నైరుతి తీరంలో ఉంది. అదే రాష్ట్రం ఉత్తరాన, థాయ్‌లాండ్ సరిహద్దు వైపు, తెమెంగోర్ జలాశయమూ దాన్ని ఆనుకుని రాయల్ బెలుం అడవీ ఉన్నాయి. పులావ్ బాండింగ్ రేవులో పడవెక్కే గాలం వేసేవాళ్లు ముఖ్యంగా మూడు చేపల కోసం వస్తారు. తోమన్ మన కొరమీను కుటుంబానిదే, కాకపోతే చాలా పెద్దది. సెబరావ్ వేటాడి తినే చేప. కెలాహ్ మహసీర్ కుటుంబానిది.

వీటిని ఫ్లై ఫిషింగ్‌తో పట్టాలంటే ముందు ఒక తేడా తెలియాలి. మామూలు గాలంలో సీసపు గుండు బరువు దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఎర ఈకలతో, దారాలతో కట్టింది. దానికి దాదాపు బరువే ఉండదు. దాన్ని దూరం మోసుకెళ్లేది లైన్ బరువే. అందుకే రాడ్ కంటే, రీల్ కంటే లైన్ ఎంపిక మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

1. రాడ్ మీది అంకె చూడండి

పిడికి కాస్త పైన రాడ్ మీద ఒక అంకె ఉంటుంది. లైన్ కూడా అదే అంకెది కావాలి. అమెరికా తయారీదారులు పెట్టుకున్న ప్రమాణం ప్రకారం లైన్ మొదటి 30 అడుగుల బరువు 6వ నంబరుకు 160 గ్రెయిన్లు, అంటే సుమారు 10.4 గ్రాములు, 8వ నంబరుకు 210 గ్రెయిన్లు, సుమారు 13.6 గ్రాములు. సెబరావ్‌కు 6, తోమన్‌కు 8 సరిపోతాయి. కొన్ని కంపెనీలు ప్రమాణం కంటే బరువుగా చేస్తాయి కాబట్టి నంబరుతో ఆగకుండా పెట్టె మీద గ్రెయిన్లు కూడా చదవండి.

2. పూత వేడికి తగిందేనా అని అడగండి

లైన్ లోపల నైలాన్ పోగు, పైన ప్లాస్టిక్ పూత ఉంటాయి. ఎక్కువ లైన్లకు పీవీసీ పూత వాడతారు. వేల్స్‌కు చెందిన ఎయిర్‌ఫ్లో పాలీయురేథేన్ పూతతో పేరు తెచ్చుకుంది. చల్లటి నీళ్ల కోసం చేసిన లైన్ మలేషియా ఎండలో మెత్తబడి, జిగటగా మారి, రాడ్ గైడుల్లో, అంటే లైన్ దూరే రింగుల్లో, అతుక్కుంటుంది. అది సాగక మనిషి ఇంకా గట్టిగా విసురుతాడు, ఆ రాపిడికి పూత త్వరగా అరుగుతుంది. పెట్టె మీద ‘ట్రాపికల్’ అని ఉన్నదే తీసుకోండి. అదే లైన్‌ను కశ్మీర్ ట్రౌట్ సెలయేళ్లకు తీసుకెళితే మాత్రం బిగుసుకుని చుట్టలు చుట్టలుగా లేస్తుంది.

3. ఆకారం తేల్చుకోండి

తోమన్ గాలి పీల్చుకోవడానికి పైకి వస్తుంది. నీటి మీద వలయం కనబడిన కొద్ది క్షణాల్లోనే ఎర అక్కడ పడాలి. నాలుగైదు సార్లు గాల్లో ఊపే తీరిక ఉండదు. బరువంతా ముందు భాగంలో ఉండే ‘వెయిట్ ఫార్వర్డ్’ తేలే లైన్, అందులోనూ ఆ బరువైన భాగం (తల) పొట్టిగా ఉన్నది, ఈ పనికి సరైనది. చిన్న వాగుల్లో దగ్గర విసుర్లకు ‘డబుల్ టేపర్’ మంచిది. దాని రెండు కొసలూ ఒకే తీరుగా ఉంటాయి కనుక ఒక కొస అరిగాక తిప్పి చుట్టుకోవచ్చు.

4. ఎక్కించే ముందు గైడులు పరీక్షించండి

చిన్న దూది ముక్క తీసుకుని ఒక్కో గైడు లోపలి అంచు చుట్టూ తిప్పండి. ఎక్కడైనా దూది పోగు చిక్కుకుంటే అక్కడ గీత పడినట్టే. కంటికి ఆనని ఆ గీతే కొత్త లైన్‌ను కోస్తుంది. ముందు ఆ గైడు మార్పించండి. రీల్‌కు అడుగున డాక్రాన్ దారం చుట్టి, దానికి లైన్ కట్టండి. లైన్ ఉన్న చక్రంలో పెన్సిల్ దూర్చి, అది తిరుగుతుండగా చుట్టుకోవాలి. పక్కనుంచి లాగితే మెలికలు పడతాయి.

5. ముందుగా తెగేది ఏదో మీరే నిర్ణయించండి

తెమెంగోర్‌లో మునిగిన చెట్ల మోడులు విస్తారం. తోమన్ నేరుగా వాటిలోకే దూరుతుంది. లైన్ లోపలి పోగు బలం 30 పౌండ్లయితే, లైన్ కొసకూ ఎరకూ మధ్య కట్టే సన్నని దారమైన లీడర్‌లో ఒక భాగం బలం 20 పౌండ్లు దాటకుండా చూడండి. తోమన్ పళ్లకు ఆగేందుకు ఎర దగ్గర మందమైన ఫ్లోరోకార్బన్ ముక్క కట్టినా, దానికి పైన ఆ బలహీనమైన భాగం ఉండి తీరాలి. ఎర మోడుకు చిక్కితే రాడ్ వంచకండి. రాడ్‌ను లైన్ వెంట తిన్నగా పెట్టి లాగితే లీడర్ తెగుతుంది, లైన్ దక్కుతుంది. లైన్‌ను చేతికి చుట్టుకుని లాగితే పూత చిట్లుతుంది, చెయ్యి కోసుకుంటుంది.

6. ఇంటికొచ్చాక కడగండి

పీవీసీని మెత్తగా ఉంచేది అందులో కలిపిన ప్లాస్టిసైజర్. ఎండ, వేడి, పెట్రోలు దాన్ని లాగేస్తాయి. ఆపైన పూత పగుళ్లు పడుతుంది. దోమలకు రాసుకునే డీట్ మందు పూతనే కరిగిస్తుంది. బెలుంలో దోమలూ జలగలూ ఉంటాయి కాబట్టి మందు మానమనడం కుదరదు. రాసుకున్నాక అరచేతులు సబ్బుతో కడుక్కుని లైన్ ముట్టుకోండి. ఎండలో నిలిపిన కారులో రీల్ వదలకండి. రోజు ముగిశాక గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా సబ్బు కలిపి, మెత్తటి గుడ్డతో తుడవండి. గుడ్డకు అంటిన నలుపే చెబుతుంది ఎంత నాచు, మట్టి పేరుకుందో. తర్వాత మంచినీళ్లతో కడిగి నీడన ఆరబెట్టండి. కొస దగ్గర లైన్‌ను మెల్లగా వంచి చూడండి. సన్నని పగుళ్లు కనబడితే నీళ్లు లోపలికి దిగి ఆ కొస మునగడం మొదలవుతుంది.

డబ్బు పరిమితంగా ఉంటే రీల్ మీద తగ్గించుకోండి, లైన్ మీద వద్దు. రాయల్ బెలుంకు అనుమతి పత్రం ముందే తీసుకోండి. పిల్లలను కాచుకుని తిరిగే తోమన్ జోలికి పోకండి. తల్లిదండ్రులు పోతే ఆ గుంపు మిగలదు. తెగిన లైన్ ముక్క ఎంత చిన్నదైనా జేబులో వేసుకుని తీసుకురండి. నీళ్లలో వదిలేస్తే అది ఏళ్ల తరబడి చెడిపోని ప్లాస్టిక్.