తపాలా బిళ్ళలు: అచ్చుతప్పును గాయమును గుర్తించుట

ఒక పాఠశాల పత్రికలో "విద్య" యనుటకు బదులు "విధ్య" యని అచ్చుపడినచో, దానిని సరిదిద్దువఱకు వెలువడిన ప్రతులన్నిటను ఆ తప్పు అట్లే యుండును. ఒక విద్యార్థి తన ప్రతిపై సిరాబొట్టు వేసికొన్నచో, అది యాతని ప్రతియందు మాత్రమే యుండును. తపాలా బిళ్ళల పరీక్షకును ఇదియే మూలము. మొదటిది యంత్రముచే కలిగిన తప్పు; రెండవది అచ్చు ముగిసి బిళ్ళ లోకములో తిరుగుటచే కలిగిన గాయము. తప్పునకు సేకరించువా రొక్కొక్కప్పుడు నూరురెట్లు వెల యిత్తురు. గాయము బిళ్ళకున్న వెలను గూడ పోగొట్టును. ఈ భేద మెఱుగని బాలుడు గీఱుకొనిపోయిన బిళ్ళను అపురూపమనుకొని కొనును. లేదా యింటనున్న అపురూపమును చెడిపోయినదని పాఱవేయును.

మన దేశపు అచ్చుతప్పులలో మిక్కిలి ప్రసిద్ధమైనది 1854లో కలకత్తాయందు శిలాముద్రణమున వెలువడిన నాలుగణాల బిళ్ళకు సంబంధించినది. అందు విక్టోరియా రాణి శిరస్సు నీలము. చుట్టునున్న చట్రము ఎఱుపు. రంగులు రెండు గనుక తావు రెండుమాఱులు యంత్రమెక్కవలెను. కొన్ని తావులు రెండవమాఱు తలక్రిందుగా పెట్టబడుటచే చట్రము నడుమ రాణి శిరస్సు తలక్రిందయ్యెను. ఇట్టిదానిని జూచి తప్పా గాయమా యని యెవ్వరును సందేహింపనక్కఱలేదు. ఎంత గీకినను, ఎంత తడిపినను రాణి తల తిరుగదు గదా! చిక్కంతయు చిన్న మచ్చలతోడను, తెల్లని గీతలతోడను వచ్చును.

అదే సంవత్సరపు నీలి అర్ధణా బిళ్ళలు తావునకు 96 చొప్పున అచ్చయినవి. శిలపై నొకచోట లోపము కలిగినచో, తరువాతి తావులన్నిటను ఆ స్థానమందలి బిళ్ళయందే ఆ లోపము కనబడును. కావున అనుమానము కలిగినపుడు అట్టిదే మఱియొక బిళ్ళను వెదకుట మేలు. రెంటను ఒకేచోట, ఒకే యాకారమున మచ్చ యున్నచో అది అచ్చులోనిదే. అయినను ఈ నియమమును గ్రుడ్డిగా నమ్మరాదు. ముద్రించునపుడు దుమ్ముకణ మడ్డుపడి, సిరా అందక, తెల్లని చుక్క యేర్పడుట కలదు. ఆ కణము కొన్ని తావులకే తొలగిపోవును. అట్టి బిళ్ళకు జోడు దొరకకపోవచ్చును. అప్పుడు కాగితమునే ప్రశ్నింపవలెను.

ఉదయపుటెండ కిటికీనుండి యేటవాలుగా పడుచోట బిళ్ళను పెట్టి భూతద్దముతో చూడుడు. సిరా అందని చోట కాగితము తక్కిన భాగమువలెనే నున్నగా నుండును. గీకబడినచోట పోగులు లేచి గరుకుగా నుండును. వెలుతురున కెదురుగా పట్టినచో అచ్చట కాగితము పలుచనై మెఱయును. మడత సంగతియు నింతే. అచ్చునకు ముందే కాగితము ముడుతపడినచో, దానిని విప్పినపుడు సిరా లేని తెల్లని పట్టె తేరి, బొమ్మ రెండుగా చీలి యెడమగును. అచ్చు తరువాత మడచినచో బొమ్మ చీలదు. మడత పొడుగున సిరా పగిలి రాలును.

తపాలా ముద్రకంటె మంచి సాక్షి లేదు. తెల్లమచ్చమీదుగా ముద్ర యొక్క నల్లని గీత తెగక సాగినచో, ఆ మచ్చ ముద్రకు ముందే యున్నది. గీతయు సరిగా అచ్చటనే మాసిపోయినచో, గీకుట తరువాత జరిగినది. గీత యచ్చట ప్రాకి అలుకుకొన్నచో, ముద్ర పడునప్పటికే కాగితపు పైపొర పోయినదని తలపవలెను.

రంగుల విషయమున మోసము మెండు. 1947 నవంబరు 21వ తేదీన వెలువడిన మూడున్నర అణాల జెండా బిళ్ళవంటి పలురంగుల బిళ్ళయందు ఒక రంగు ప్రక్కకు జరిగినచో, ఆ రంగుభాగమంతయు ఒకే దిక్కునకు ఒకే కొలతతో జరుగును. ఎండకు వెలసిన బిళ్ళయం దట్లు గాదు. ఆకుపచ్చలో పసుపు ముందుగా చచ్చి నీలమువలె తోచును. దానిని "పసుపు తప్పిన బిళ్ళ" యని అమ్మువారు కలరు. ఇక కొల్లేటి చెమ్మగాలి తగిలిన ఇండ్లలో బూజుచే గోధుమవన్నె మచ్చలు పుట్టును. ఇవి పళ్ళ కొసలయందు ముందు కనబడి వెనుకకును దిగును. వీనిని అచ్చుతప్పు లనుట వట్టి మాట.

మనవారికి ఒక యనుకూలము కలదు. జంగారెడ్డిగూడెమునకు ఉత్తరముననున్న అశ్వారావుపేట 1956 వఱకు హైదరాబాదు రాజ్యములోనిది. ఆ రాజ్యపు తపాలాశాఖ 1950లో భారత తపాలాలో కలియువఱకు సొంతబిళ్ళలు వాడెను. వానిలో పెక్కింటిపై వెల తెలుగు లిపిలోను కలదు. అందు గుడియో కొమ్మో లోపించినచో లండనులోని పండితుడు గమనింపకపోవచ్చును. మన యూరి బాలిక గమనించును.

రంగూను ఉత్తరములు మఱియొక నిధి. గోదావరి ప్రాంతమునుండి యెందఱో పనికై బర్మాకు పోయిరి. 1937 ఏప్రిలు 1వ తేదీన బర్మా భారతదేశమునుండి వేఱైనపుడు, మొదట భారతపు బిళ్ళలపైననే ఆంగ్లాక్షరములలో "బర్మా" యని పైముద్ర వేసి వాడిరి. ఇందు వరుస ముఖ్యము: మొదట బొమ్మ, పిమ్మట పైముద్ర, చివర తపాలా ముద్ర. "బర్మా" యను నక్షరములు తపాలా ముద్రమీది కెక్కియున్నచో అవి తరువాత నెవరో వేసిన దొంగముద్రలే. దీనిని తేల్చుటకు బిళ్ళ కవరుపైననే యుండవలెను. ఏలయన ముద్రలో సగము కవరుపై పడును, ఊరును తేదీయు అందే దొరకును. కావున తాతగారి పెట్టెలో అట్టి ఉత్తరము కనబడినచో, బిళ్ళను నీట నానవేయక, కత్తెర తగిలింపక, కవరును ఉత్తరముతో సహా పొడికాగితముల నడుమ దాచి, అందలి వ్రాత యెవరిదో యింటి పెద్దల నడిగి వేఱుకాగితముపై వ్రాసి ఉంచుడు.