మనసు బరువుకు కొలత

ధాన్యాన్ని కుంచంతో కొలుస్తాం. బట్టను మూరతో కొలుస్తాం. జ్వరం ఎంత ఉందో థర్మామీటరు పెట్టి చూస్తాం. మరి మనసు మీద పడే బరువును దేనితో కొలవాలి?

శ్రీకూర్మంలో ఒక ఇల్లు అనుకుందాం. తండ్రి చెన్నైలో భవనాల పనికి వెళ్లాడు. తల్లి కూలి పని చేస్తుంది. రాత్రి బడిలో చదవడం, రాయడం, కూడికలు నేర్చుకుంది. కూతురికి పదహారేళ్లు. ఇంటర్ మొదటి ఏడు. రోజూ బస్సెక్కి శ్రీకాకుళం కాలేజీకి వెళ్లి వస్తుంది.

పదో తరగతి దాకా ఆ పిల్ల గలగలా మాట్లాడేది. రెండు నెలలుగా నోరు విప్పడం లేదు. అన్నం సగంలో వదిలేస్తోంది. తమ్ముడు పిలిచినా కసురుకుంటోంది.

"ఏటే, అలగున్నావు?" తల్లి అడిగింది.

"ఏటీ నేదమ్మా."

"మరి కూడెందుకు తినవు?"

"కడుపునొప్పి."

ఇరుగుపొరుగు వాళ్లు తలా ఒక మాట అన్నారు. "గాలి సోకింది. తాయెత్తు కట్టించు" అంది ఒకామె. "సదువు ఎక్కువైపోనాది. మానిపించీసి పెళ్లి సేసీ" అంది ఇంకొకామె. తల్లికి ఏమీ పాలుపోలేదు.

ఆ వారం ఆశా కార్యకర్త వాళ్ల ఇంటికి వచ్చింది. తల్లి చెప్పిందంతా వింది.

"అప్పా, మన గుడిలో తాబేళ్లను చూత్తావు కదా! అలికిడైతే తల లోపలికి లాగీసుకుంటాది. డొప్ప మీద కొడితే తల బయటికొస్తాదా? ఇంకా ముడుచుకుంటాది. ఈ వయసు పిల్లలూ అంతే. ఒకేసారి గట్టిగా అడిగితే చెప్పరు. రోజూ కొంచెం కొంచెం అడగాలి. అడిగింది రాసి పెట్టుకోవాలి" అంది.

ఒత్తిడి అంటే ఏమిటి?

మోయగలిగిన దానికంటే బరువు ఎక్కువైందని మనసుకు అనిపిస్తే దాన్ని ఒత్తిడి అంటారు. ఒత్తిడి పడినప్పుడు గుండె వేగంగా కొట్టుకుంటుంది. చేతులకు చెమట పడుతుంది. నిద్ర రాదు. కొందరికి తలనొప్పి, కడుపునొప్పి వస్తాయి. ఆ నొప్పి నటన కాదు. నిజమైన నొప్పే.

కొద్దిపాటి ఒత్తిడి మంచిదే. పరీక్ష దగ్గర పడితే పుస్తకం తీయిస్తుంది. రోజుల తరబడి దిగకుండా ఉండే ఒత్తిడే చెరుపు చేస్తుంది.

పది నుంచి పందొమ్మిదేళ్ల వయసును కౌమారం అంటారు. ఒళ్లు ఎదుగుతుంది. మనసు మారుతుంది. చదువు, స్నేహాలు, ఇంటి పని, డబ్బు ఇబ్బంది అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఈ వయసు వాళ్ల ఆరోగ్యం కోసమే 2014లో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో మనసు ఆరోగ్యం కూడా ఒక భాగం.

కొలవడం ఎలా మొదలైంది?

1967లో అమెరికాలో హోమ్స్, రాహే అనే ఇద్దరు డాక్టర్లు ఒక పట్టీ తయారు చేశారు. అందులో 43 సంఘటనలు ఉన్నాయి. ఒక్కో దానికి కొన్ని మార్కులు వేశారు. భర్త గానీ భార్య గానీ చనిపోతే 100 మార్కులు. అంటే పెద్ద కష్టాలనే లెక్క పెట్టారు.

1981లో అక్కడే మరికొందరు రోజువారీ చికాకులను లెక్క పెట్టారు. ఆరోగ్యం ఎందుకు పాడవుతోందో తెలుసుకోవడానికి పెద్ద కష్టాల కంటే ఈ చిన్న చికాకుల లెక్కే బాగా పనికొచ్చింది. గిద్దెడు గిద్దెడు పోస్తే కుంచం నిండదా? ఇదీ అంతే.

1983లో కోహెన్ అనే పండితుడు, ఆయన తోటివారు ఇంకో పద్ధతి తెచ్చారు. గడిచిన నెల రోజుల్లో మనిషికి ఎలా అనిపించిందో అడుగుతారు. పనులు తన అదుపులో ఉన్నాయా, చేయి దాటాయా అని అడుగుతారు. జవాబులకు సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేస్తారు. ఈ పద్ధతిని నేటికీ చాలా దేశాల్లో వాడుతున్నారు.

2007లో ఆస్ట్రేలియా పరిశోధకులు కౌమార పిల్లల కోసమే ఒక ప్రశ్నల పట్టీని సరిచేసి తెచ్చారు. ఇల్లు, చదువు, ఉపాధ్యాయులు, తోటి పిల్లలు, డబ్బు, రేపటి మీద బెంగ వంటి పది వైపుల నుంచి అది అడుగుతుంది.

ఉమ్మిని పరీక్షించి కూడా ఒత్తిడిని అంచనా వేస్తారు. ఒత్తిడి పడితే ఒంట్లో కార్టిసాల్ అనే రసం పెరుగుతుంది. కానీ అది మామూలుగానే పొద్దున ఎక్కువ, రాత్రి తక్కువ ఉంటుంది. పైగా, ఒత్తిడి ఎందుకు వచ్చిందో ఆ పరీక్ష చెప్పదు. అది పిల్లలే చెప్పాలి.

ఇంటి పుస్తకంలో లెక్క

ఆశా కార్యకర్త నోటు పుస్తకంలో అయిదు ప్రశ్నలు రాసి ఇచ్చింది.

1. రాత్రి నిద్ర సరిగా పట్టలేదా?
2. తిండి సహించలేదా?
3. చిన్న మాటకే కోపం గానీ ఏడుపు గానీ వచ్చిందా?
4. తలనొప్పి, కడుపునొప్పి, గుండెదడ ఏదైనా వచ్చిందా?
5. ఏదీ నా చేతిలో లేదు అనిపించిందా?

లేదు అంటే 0. కొంచెం అంటే 1. చాలా అంటే 2. అన్నీ కలిపితే రోజుకు పదికి మించదు.

"మార్కులు పిల్లే వేసుకోవాలి. ఎక్కువొచ్చాయని తిట్టకూడదు. పక్కింటి పిల్లతో పోల్చకూడదు. నిన్నటి అంకెతో ఇవాళ్టి అంకెను పోల్చుకోవాలి" అని చెప్పింది.

వారం గడిచింది. పుస్తకంలో ఇలా ఉంది.

సోమవారం: 8
మంగళవారం: 7
బుధవారం: 8
గురువారం: 3
శుక్రవారం: 7
శనివారం: 8
ఆదివారం: 2

తల్లి వేలు పెట్టి ఒక్కో అంకె చదివింది. కూడింది. మొత్తం 43. ఆదివారం కాలేజీ లేదు. అందుకే తగ్గింది. మరి గురువారం ఎందుకు తగ్గింది? ఆ రోజూ కాలేజీ ఉంది. పాఠాలూ ఉన్నాయి.

తల్లికి గుర్తొచ్చింది. గురువారం బ్యాంకు పని మీద ఆమె కూడా శ్రీకాకుళం వెళ్లింది. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ బస్సులో కూతురి పక్కనే కూర్చుంది.

రాత్రి పిల్ల పక్కన చేరి మెల్లగా అడిగింది.

"బస్సులో ఎవులైనా ఏటైనా అంతన్నారా అమ్మా?"

పిల్ల బావురుమంది. రోజూ కొందరు కుర్రాళ్లు వెంటపడుతున్నారు. చెడ్డ మాటలు అంటున్నారు.

"నాకెందుకు సెప్పలేదే?"

"సెప్తే సదువు మానిపించెత్తావని."

తల్లి కాసేపు మాట్లాడలేకపోయింది. తరవాత కూతురి తల నిమిరింది. "తప్పు ఆల్ది. సదువు నువ్వెందుకు మానాలి?" అంది.

మర్నాడు తల్లి, ఆశా కార్యకర్త కలిసి బస్సు కండక్టరుతో మాట్లాడారు. కాలేజీలో మేడంకు చెప్పారు. ఊరి నుంచి వెళ్లే ఆడపిల్లలంతా ఒక జట్టుగా, ముందు సీట్లలో కూర్చుని వెళ్లసాగారు. మళ్లీ ఎవరైనా వేధిస్తే 112కు ఫోన్ చేయాలని అందరికీ నేర్పారు. నెల తరవాత వారం మొత్తం 19కి దిగింది. పిల్ల అన్నం పూర్తిగా తింటోంది.

ఆ అయిదు ప్రశ్నలు డాక్టరు పరీక్ష కాదు. జబ్బు ఉందో లేదో అవి చెప్పవు. ఏ రోజు బరువు పెరిగిందో, ఎక్కడ వెతకాలో చెబుతాయి. అంకె ఒక గుర్తు మాత్రమే. ఆ గుర్తు పట్టుకుని మాట్లాడవలసింది ఇంటివాళ్లే.

లెక్క చూస్తూ కూర్చోకూడనప్పుడు

"బతకాలని లేదు" అని పిల్ల గానీ పిల్లాడు గానీ అంటే, తమను తాము గాయపరచుకుంటే, మార్కుల కోసం ఆగకండి. ఒంటరిగా వదలకండి. పురుగుమందు వంటివి అందకుండా దాచండి. వెంటనే శ్రీకాకుళంలోని ప్రభుత్వ పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి. టెలీ మానస్ నంబరు 14416. 2022లో మొదలైంది. పగలూ రాత్రీ ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు ఆపద వస్తే 1098కి కూడా ఫోన్ చేయవచ్చు.

రెండు వారాలు దాటినా అంకె దిగకపోతే, చదువూ నిద్రా తిండీ దెబ్బతింటే, డాక్టరుకు చూపించండి. ఆ పుస్తకం కూడా వెంట తీసుకువెళ్లండి.

గుర్తుంచుకోండి

చిన్న చికాకులు చేరి పెద్ద బరువవుతాయి.
నిజం చెప్పిన బిడ్డను శిక్షించకూడదు.
మగపిల్లలకూ ఒత్తిడి ఉంటుంది. వాళ్లనూ అడగాలి.

జవాబులు చెప్పండి

1. గురువారం అంకె ఎందుకు తగ్గింది?
2. పిల్ల తల్లికి ముందే ఎందుకు చెప్పలేదు?
3. తల్లి చదువు మానిపించి ఉంటే ఏమయ్యేది? మీ జట్టులో చర్చించండి.
4. 14416, 1098, 112 నంబర్లను మీ ఇంటి గోడ మీద రాయండి.