లంకలో పోస్టింగా? ముందు కోత చూసి రండి

పి.గన్నవరం, అయినవిల్లి, ముమ్మిడివరం, మామిడికుదురు, సఖినేటిపల్లి మండలాల్లో రైతు సేవా కేంద్రాలకి కొత్తగా వెళ్తున్న వ్యవసాయ సహాయకులకీ, పశుసంవర్ధక సహాయకులకీ ఈ నాలుగు మాటలు. మీ పరిధిలో ఒక లంకైనా పడే అవకాశం ఎక్కువ. ఏటిగట్టుకి ఇవతల, కాలువ కింద వరికీ కొబ్బరికీ ఏం చెప్పాలో శిక్షణలోనే నేర్పేసి ఉంటారు. గట్టు దిగి, రేవు దాటి అవతల అడుగుపెట్టాక ఆ పాఠం సగమే పనికొస్తుంది. అక్కడి నేల గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయలు వరదవరదకీ తెచ్చి పోసింది. చేలో ఈ మూలనున్న మన్ను ఆ మూల ఉండదు. పైనున్నది కింద ఉండదు. నేను చెప్పదలిచింది ముఖ్యంగా ఈ రెండో సంగతే: లంకలో పైమన్ను చూసి ఎవరికీ ఏ సలహా ఇవ్వకండి.

చేరిన కొత్తల్లోనే, ఏట్లో నీరు తగ్గి ఉన్న నెలల్లో, ఒడ్డు కోసుకుపోయిన చోటు ఎక్కడుందో అడిగి చూసి రండి. అంచున నిలబడొద్దు, కింద అసలే నిలబడొద్దు. కోత ఒడ్డు అడుగున డొల్లగా ఉండి, చెప్పాపెట్టకుండా విరిగిపడుతుంది. పడవలో కాస్త దూరంగా ఆగి చూస్తే చాలు. నిలువునా తెగిన ఆ ఒడ్డులో పొరలు ఆత్రేయపురం పూతరేకు మడతల్లా ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. పైన మూరెడు గోధుమరంగు గరప మన్ను. దాని కింద నాలుగు వేళ్ల మందాన మెరిసే ఇసుక. మళ్లీ నున్నటి ఒండ్రు. ఆ కింద బూడిదరంగు బంక, ఇంకా దిగువన మళ్లీ ఇసుక. ఏరు జోరుగా పారినప్పుడు ఇసుక పడింది, నీరు నెమ్మదించి నిలిచినప్పుడు ఒండ్రూ బంకా పేరుకున్నాయి. ఇప్పుడు వేళ్లు ఎక్కడిదాకా దిగాయో చూడండి. చాలాచోట్ల పైపొరలో గుబురుగా అల్లుకున్నవి, ఇసుక తగిలేసరికి పలచబడి పక్కలకి తిరిగి ఉంటాయి.

కారణం తెలిస్తే సగం సలహాలు వాటంతటవే మారిపోతాయి. సన్నటి మన్ను కింద గరుకు ఇసుక ఉంటే పైనున్న తడి వెంటనే కిందికి జారదు. పైపొర దాదాపు నిండా నానేదాకా అక్కడే వేలాడుతుంది. ఇసుక ఉంటే నీరు తొందరగా ఇంకుతుందనే మనందరం అనుకుంటాం, కాబట్టి ఇది రైతు చేత ఒప్పించడం కష్టమే. వేసవిలో వ్యవహారం తిరగబడుతుంది. అడుగునున్న తడి ఆ ఇసుక పొర దాటి పైకి ఎక్కలేదు. అందుకే ముసురు పట్టినప్పుడు అరటి దుంప కుళ్లేదీ, ఏప్రిల్‌లో అందరికన్నా ముందు ఆకు వేలాడేసేదీ ఒకే చేను కావచ్చు. రైతు ఎరువు అడుగుతాడు, మీరు మందు రాస్తారు, జబ్బేమో మూరెడు లోతులో ఉంటుంది. అరటో కందో పెట్టేముందు గునపంతో అయినా నడుంలోతు తవ్వించి చూడండి. కొబ్బరికి ఎలాగూ మీటరు గుంట తీస్తారు. బయటపడ్డ ఇసుకని విడిగా పోయించి, ఒండ్రూ పశువుల ఎరువూ కలిపించి, అప్పుడు గుంట పూడ్పించండి.

మన్ను చేత్తో పట్టి చూడడం ల్యాబు కాగితం కన్నా ముందు నేర్చుకోవాల్సిన విద్య. నిమ్మకాయంత మన్ను తీసుకుని, వేళ్లూ పెంకులూ ఏరేసి, కొద్దికొద్దిగా నీళ్లు చిలకరించి పిసకండి. ఉండ కట్టకుండా రాలిపోతే ఇసుక. ఉండ కడితే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి పట్టీలాగా సాగనొక్కండి. అంగుళం లోపే తెగితే గరప, రెండంగుళాల దాకా వస్తే బంక గరప, ఇంకా సాగితే బంక. ఆ తర్వాత చిటికెడు అరచేతిలో బాగా తడిపి వేలితో రుద్దితే మిగతాది తెలుస్తుంది. గరగరలాడితే ఇసుక పాలు ఎక్కువ, నున్నగా జారితే ఒండ్రు పాలు ఎక్కువ. ఇసుకా ఒండ్రూ చెరో 40 పాళ్లు, బంక 20 పాళ్లు అటూ ఇటూగా ఉన్నది మంచి గరప. గాలీ తడీ రెండూ ఆడతాయి, వేరు సులువుగా దిగుతుంది. లంక కూరగాయలకి ఉన్న పేరంతా దీని చలవే. ఒండ్రు మరీ ఎక్కువైతే మాత్రం గట్టి వాన కొట్టాక పైన అట్ట కట్టి, మొలక బయటికి రాలేదు. ఇసుక ఎక్కువైతే యూరియా ఒక్కసారే వేసింది వేరుకి అందకుండా దిగిపోతుంది. అదే మోతాదుని మూడు నాలుగు దఫాలుగా విడగొట్టి వేయమనండి. ‘ఆయ్, అలాగేనండీ’ అన్నారంటే వేస్తారని అనుకోకండి, అది మర్యాద. మళ్లీ వెళ్లి చూడాలి.

లంకంటే అరటీ కూరగాయలే అనుకుంటే పశువులు మన లెక్కలోంచి జారిపోతాయి. లంకంతా ఒకే ఎత్తులో ఉండదు. ఏటి పక్కన ప్రతి వరదకీ మునిగే తిప్ప, దానిమీద పెద్ద వరదకి మునిగే మెట్టు, ఆ పైన ఇళ్లూ కొబ్బరితోటలూ ఉన్న మెరక. మేతకి ప్రాణం ఆ నడిమి మెట్టు. అమెరికా వ్యవసాయ శాఖ ఇలాంటి ఏటి మెట్లనీ, ఇసుక నేలల్నీ, చౌడునీ విడివిడిగా ‘ఎకలాజికల్ సైట్లు’ అని రాసిపెట్టి, ఒక్కో చోట ఏ గడ్డి ఉండాలో, అతిగా మేపితే దాని బదులు ఏది లేస్తుందో వివరంగా నమోదు చేస్తుంది. లంకల్లో ఆ వివరం కాపరి నోట్లో ఉంటుంది, కూర్చుని అడగాలి. రెల్లు పొదలున్న చోట ఇసుక ఈమధ్య పడింది. గరిక దట్టంగా పరుచుకున్నది కుదురుకున్న గరప. తుంగ లేచిందంటే నీరు నిలుస్తోంది, కింద బంక ఉండొచ్చు. గరిక పలచబడి మధ్యలో వయ్యారిభామ కనిపిస్తే ఆ మెట్టుకి కొన్నాళ్లు విశ్రాంతి ఇవ్వాలి.

తడిసిన గరప మీదకి మందని తోలితే గిట్టల కింద నేల అదిమిపోయి తర్వాతి వాన ఇంకదు. గిట్ట రెండంగుళాలు దిగబడుతోందంటే నేల ఆరేదాకా ఆపమనండి. వరద తీశాక గడ్డికి పట్టిన ఒండ్రు ఒక వానకైనా కడుక్కుపోవాలి, లేదంటే కోసి జాడించి వేయాలి. గొంతువాపు, జబ్బవాపు టీకాలు తొలకరికి ముందే పూర్తి కావాలి. నత్తలున్న పల్లంలో మేసేవాటికి కార్జపు జలగల మందు తాగించాలి. బెట్టకి వచ్చిన లేత జొన్న జోలికి పశువుని పోనివ్వొద్దు, నాము కొడుతుంది. నీరు తీసిన పదును మీద పిల్లిపెసర చల్లిస్తే మేతా దొరుకుతుంది, నేలకి నత్రజనీ అందుతుంది.

మట్టి నమూనా తీసేటప్పుడు తిప్పదీ మెట్టుదీ మెరకదీ కలిపేయకండి. కలిపితే వచ్చే సగటు ఏ నేలకీ చెందదు. ఒక్కో దాన్లో ఎనిమిది పది చోట్ల ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్లు తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురువి పారేస్తూ అరకిలోకి తెచ్చి, నీడలో ఆరబెట్టండి. కొబ్బరికయితే అడుగు, రెండడుగులు, మూడడుగుల లోతు మన్ను వేర్వేరు సంచుల్లో. పెద్ద వరద ఒండ్రు వేసిపోయాక పాత భూసార కార్డు చెల్లదు, మళ్లీ తీయాల్సిందే. అంతర్వేది, ఓడలరేవు వైపు లంకల్లో లవణాల అంకె ముందు చూడండి, మీటరుకి 4 డెసీసైమన్లు దాటితే చాలా పంటలు తట్టుకోలేవు. ఎండాకాలం ఏట్లో పైనీరు తగ్గి పోటు నీరు ఎగదన్నే చోట ఫిల్టర్ పాయింట్ ఇంకా లోతుకి దించితే మంచినీళ్లు వస్తాయని ఎవరైనా అంటే ఆపండి. తీపి నీరు పైన పలచగా తేలుతుంది, ఉప్పు దాని కిందే ఉంటుంది.

ఏ మెట్టు ఎంత ఎత్తో లెవెల్ మిషన్ లేకుండా తెలుసుకోవాలంటే 1986 ఆగస్టులో, 2022 జులైలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పెద్దవాళ్లని అడగండి. మొదటిసారి ధవళేశ్వరం దగ్గర దాదాపు 35 లక్షల క్యూసెక్కులు, రెండోసారి 26 లక్షలకి దగ్గరగా పారింది. బడి గోడ మీదో కొబ్బరి మొద్దు మీదో చెయ్యి పెట్టి చూపిస్తారు. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి. కానీ పశువుల్ని గట్టెక్కించాలంటే భద్రాచలం మీద కన్నేయండి. అక్కడ 43 అడుగులకి మొదటి హెచ్చరిక ఇస్తారు, ఆ నీరు మనదాకా రావడానికి ఒక రోజు అటూ ఇటూగా పడుతుంది.

మిగిలింది కాగితం పని. లంకల్లో చాలామంది కౌలుదార్లు, కొందరి సర్వే నంబరు ఏట్లో కలిసిపోయింది. కౌలు కార్డూ ఈ-క్రాప్ నమోదూ వరదల ముందే అయ్యాయో లేదో చూసుకోండి. పంట నష్టం 33 శాతం దాటితేనే సాయానికి లెక్కలోకి వస్తుందని అందరికీ తెలుసు. ఇసుక మేట మూడు అంగుళాలు మించి పడితే దాన్ని తీయించడానికి చిన్న, సన్నకారు రైతులకి విపత్తు సాయంలో వేరే పద్దు ఉందని మాత్రం చాలామందికి తెలియదు. ఏరు కోసేసిన భూమికీ పద్దు ఉంది, అయితే రెవెన్యూ రికార్డులో ఆ రైతు పేరు ఉండాలి. మేట వేసిన చోట పాత నేల కనిపించేదాకా చిన్న గుంట తీసి, అందులో టేపు నిలబెట్టి, రైతుతో పాటు ఫోటో తీయండి. ట్రాక్టరు పెట్టి ఇసుక ఎత్తేశాక కొలవడానికి ఏమీ మిగలదు కాబట్టి, పడవలు తిరగడం మొదలైన రోజునే మీరు టేపు పట్టుకుని రేవులో ఉండాలి.