సాఫ్ట్‌బాల్ ఆటలో సన్నాహపు బంతులు విసరుట ఎవరి వంతు?

గోనెగండ్ల, ఎమ్మిగనూరు బాలికల జట్లు రెండు సాఫ్ట్‌బాల్ ఆడుచున్నవని అనుకొందము. గోనెగండ్ల జట్టు బ్యాటింగు అప్పుడే ముగిసినది. వారి పిచ్చరు, అనగా బంతి విసరు బాలిక, అంతవరకు బేసుపై నిలిచియున్నది. ఆమె చేతితొడుగు ధరించి వచ్చులోగా, ఆమె స్థానమున మరియొక బాలిక నిలిచి క్యాచరుకు రెండు బంతులు విసరినది. ఎదుటి నాయకురాలు వెంటనే అభ్యంతరము తెలిపినది: "విసరిన అమ్మాయియే ఇక పిచ్చరు! పాత పిచ్చరు రాకూడదు." అంపైరు తీర్పు తప్పినచో ఒక జట్టు తన ముఖ్య క్రీడాకారిణిని ఊరకయే కోల్పోవును.

1887లో షికాగో నగరమున పుట్టిన ఈ ఆటకు మన దేశములో 1961లో సంఘము ఏర్పడినది. మన పొరుగుననే, అనంతపురములోని ఆర్.డి.టి. క్రీడాప్రాంగణమున సాఫ్ట్‌బాల్ పోటీలు జరిగినవి. ఇందు బంతిని భుజము క్రిందినుండి, చేతిని గిరగిర త్రిప్పి విసరుదురు. చల్లబడిన భుజముతో ఒక్కసారిగా వేగముగ విసరిన కండరము పట్టును. సన్నాహపు బంతులకు కారణమిదియే.

అమెరికా ఉన్నత పాఠశాలల నియమావళి ప్రకారము, ప్రతి అర్ధ ఇన్నింగ్సు ఆరంభమునను, పిచ్చరు మారినపుడును, ఒక్క నిమిషములో ఐదు బంతులకు మించకుండ విసరవచ్చును. మించిన ప్రతి బంతికి బ్యాటరు పేర ఒక 'బాల్' వ్రాయుదురు. నాలుగు బాల్సు చేరినచో ఆమె కొట్టకయే మొదటి బేసునకు పోవును! స్థానిక పోటీలలో మాత్రము నిర్వాహకులు ఏ పుస్తకము పాటింతురో ముందే అడిగి తెలిసికొనవలెను.

ఈ అవకాశము పిచ్చరు కొరకు ఏర్పడినది, సందేహము లేదు. అయినను సన్నాహపు బంతి విసరినంతమాత్రమున ఒకరు పిచ్చరగుదురా? ఆ సమయమున ఆట ఆగియుండును, ఎదుట బ్యాటరు ఉండదు. నాయకురాలి వాదము బహుశః బేస్‌బాల్ నుండి వచ్చినది. అందు ముందుగా ప్రకటింపని క్రొత్త పిచ్చరు ఒక్క సన్నాహపు బంతి విసరినను ఆటలో చేరినట్లే లెక్క. సాఫ్ట్‌బాల్‌లో ఆట సాగుచుండగా విసరిన బంతినే ప్రమాణముగ గొనుట న్యాయమని మా అభిప్రాయము. కనుక అసలు పిచ్చరు రావచ్చును.

అట్లని ఆమెకు క్రొత్తగా ఐదు బంతులు ఇయ్యరాదు. తోటి బాలిక విసరిన రెండును, గడచిన కాలమును లెక్కించి, మిగిలిన మూడు మాత్రమే నిమిషము లోపల విసరనీయవలెను. లేనిచో ప్రతి జట్టును ఒక సహాయకురాలిని పెట్టుకొని కాలము గడుపును. క్రికెట్టులో సైతము బౌలరు ఉత్తి పరుగు తీసి చూచుకొనవచ్చును గాని, కాలము వృథా కారాదు గదా!

పిచ్చరు స్థానము విడిచి అదే అర్ధ ఇన్నింగ్సులో తిరిగి వచ్చిన బాలికకు సన్నాహపు బంతులు లేవు. గాయము వలన హఠాత్తుగా పిచ్చరు మారినచో, క్రొత్తగా వచ్చిన బాలిక చేయి సాగుటకు అంపైరు అదనముగ కొన్ని అనుమతింపవచ్చును. ఆ బంతులను పట్టు బాలికయు ముఖకవచము, శిరస్త్రాణము తప్పక ధరింపవలెను. ఊరి మైదానములలో సాధారణముగ విడిచిపెట్టునది ఇదియే.